దారం కుడుము

చెక్ దేశపు వంటల్లో ఒక్కటే రుచి చూడాలంటే క్నెడ్లిక్ చూడమంటాను. మైదాపిండిలో బన్ను ముక్కలు కలిపి, పులియబెట్టి, పొడవాటి ముద్దగా చేసి ఆవిరి మీద ఉడికిస్తారు. కత్తి పెడితే నలిగిపోతుంది. అడుగునుంచి దారం పోనిచ్చి, రెండు కొసలూ పైన ఒకదానికొకటి అడ్డంగా వేసి లాగితే ముక్క శుభ్రంగా తెగుతుంది. మా నేత ఊరు సిరిసిల్లలో దారానికి కరువా!

మా బాపు మరమగ్గాల ఫిట్టరు. మిల్లువాళ్లు శిక్షణకని ఆరు నెలలు చెక్ దేశం పంపితే, యంత్రాలకంటే వంటలే ఎక్కువ నేర్చుకొచ్చాడు. ఈస్టు దొరక్క పిండిలో తాటికల్లు పోసేవాడు. ఇంటికి ఎవరొచ్చినా ప్లేటు చేతిలో పెట్టి గంటసేపు ఉపన్యాసం. అమ్మకు తల కొట్టేసినట్టయ్యేది. దానికి దారం కుడుమని పేరు పెట్టింది కూడా ఆమే. అన్న మాత్రం పొయ్యి వెలిగించినప్పటినుంచే దారం పట్టుకుని కూర్చునేవాడు.

ఆ అన్న కాలేజీ చదువు సగంలో వదిలేసి నక్సలైట్లలో కలిశాడు. రెండేళ్లకు కబురొచ్చింది. కోరుట్లలో మేనత్త ఇంటికి వస్తాడు, మధ్యాహ్నం రెండింటి వరకే ఉంటాడు, దారం కుడుము తెమ్మన్నాడు. పొద్దున్నే వండి, గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టుకుని ముగ్గురం బస్సెక్కాం.

చందుర్తి దగ్గర పోలీసులు బస్సాపి అందర్నీ దింపారు. డబ్బా మూత తీయించి, "గిదేంది?" అన్నాడో కానిస్టేబుల్.

"చెక్ దేశపోళ్ల తిండి సార్. జర తిని సూడుండ్రి," అన్నాడు బాపు.

ఇక మొదలైంది. దారంతో కోసి ముక్కలు పంచాడు. దీని మీద స్వీచ్కోవా అని క్యారెట్లూ మీగడా వేసిన పులుసు పోస్తారన్నాడు. బ్రంబొరాక్ అని ఎల్లిపాయ దంచి వేసిన ఆలుగడ్డ అట్టుంటుందన్నాడు. పండ్లు పెట్టి తీపి కుడుములు కూడా చేస్తారన్నాడు. పోలీసులు నవ్వుకుంటూ ఒకర్నొకరు పిలుచుకున్నారు. అమ్మ ఆయన చొక్కా పట్టి లాగుతున్నా ఆగలేదు. డబ్బా ఖాళీ అయింది, బస్సు మమ్మల్ని వదిలేసి పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

కోరుట్ల చేరేసరికి మూడున్నర. అత్త గడపలో కూర్చుని ఏడుస్తోంది.

"బువ్వ తినుమంటె తినలే. దారం కుడుమస్తదని కూసున్నడు. మూడు దాక సూసి పోయిండు."

నెల తిరక్కుండానే జగిత్యాల ఆసుపత్రి వరండాలో అన్నను చూశాం. ఎదురుకాల్పులన్నారు. అక్కడే, అందరి ముందూ, బాపు మీద విరుచుకుపడ్డాను.

"నీ గొప్పలతోనే గాదె, బతికుండంగ సూసుకోకుంట అయింది!"

బాపు నన్ను వరండా మూలకు తీసుకుపోయాడు. నాకొక్కదానికే వినబడేట్టు అన్నాడు:

"గొప్పలు గాదు బిడ్డా. చందుర్తి కాడ నేను మాట ఆపితే, పోలీసులు గింత తిండి ఎవలికి, ఏడికి పోతున్రని అడుగుతుండిరి. మీ అమ్మకు అబద్ధం ఆడుడు రాదు."

ఆయన కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాను.

దారం కుడుము ఇప్పుడు నేనే వండుతాను. బాపు మళ్లీ వండలేదు. చెక్ దేశంలో ఏం తింటారని ఎవరైనా అడిగితే, అక్కడ చలి ఎక్కువని చెప్పి ఊరుకునేవాడు.