మట్టికి తోడు

మైక్రోస్కోపులో వేరు చూపిస్తానని మాలీ చాచాకు నేను మాటిచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. చూపించలేదు. ఇక చూపించే అవకాశమూ లేదు. మొన్న పొద్దున్నే లక్సెట్టిపేట నుంచి ఆయన కొడుకు ఫోను చేశాడు. "సాబ్, అబ్బా పోయిండు. సాయంత్రం అసర్ నమాజు తర్వాత మట్టి ఇస్తం, జర జల్ది రాండ్రి."

నేను ఏడవలేదు. నిజం చెప్పాలంటే ఫోను పెట్టేసి నవ్వాను. చాచా గుర్తొస్తే పెరుగు కథ గుర్తు రాకుండా ఉండదు.

అప్పుడు నేను కొత్త ఫారెస్టరును. అడవి అంచున ఒక టేకు నర్సరీ నా కింద ఉండేది. అందులో చాచా మాలీ, దినకూలీ. మళ్ళలో దిగేముందు చెప్పులు గట్టున విడిచేవాడు. చిటికెడు మట్టి తీసి వాసన చూసేవాడు. "ఏంది చాచా, మట్టిని గూడ ముక్కుపొడి చేసినవా?" అని కూలి ఆడవాళ్ళు ఏడిపిస్తే, "మీ మొగోళ్ళ తంబాకు కన్న మంచిదే" అనేవాడు.

కొత్త మడి కట్టినప్పుడల్లా ముసలి టేకు మాను మొదట్లోంచి గంపెడు మట్టి తెచ్చి కలిపేవాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు తోడు. "పాలల్ల తోడెయ్యకుంటె పెరుగైతదా సాబ్? మట్టికి గూడ గంతే."

ఆ ఏడు నా పైన కొత్త రేంజరు వచ్చాడు. ట్రైనింగు నుంచి నేరుగా దిగిన మనిషి. మట్టిలో రోగాలుంటాయని అన్ని మళ్ళకూ ఘాటైన మందు పోయించాడు. అడవి మట్టి మురికి, గంప లోపలికి రావద్దన్నాడు. మందు రోగాలతో పాటు మట్టిలో బతికేదాన్నంతా చంపింది. మొలకలు నాలుగాకులు వేసి ఆగిపోయాయి. ఆకులు ఊదారంగు తిరిగాయి. వానలు వెనకపట్టేలోగా ఎదగకపోతే ఆ ఏటి నారంతా పోయినట్టే. రేంజరుకు నేరస్తుడు కావాలి కదా. "మాలీ నీళ్ళు సరిగ్గా పెట్టలే. తీసెయ్" అన్నాడు. చాచాకు ఆ కూలి తప్ప వేరే ఆధారం లేదు.

"జర ఒక నెల ఆగమను సాబ్" అని, చాచా గంప ఎత్తుకొని చివరి మడికి నడిచాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను.

"నేను సూడలే చాచా."

"నువ్వు సూడకు. మొక్క సూసుకుంటది."

మాలీ మడికి తోడేశాడని ఎవరో రేంజరు చెవిన వేశారు. మూడోనాడు మెమో వచ్చింది. ప్రభుత్వ నర్సరీ మడిలో పెరుగు పోసినందుకు సంజాయిషీ ఇవ్వాలట! చాచాకు చదువు రాదు, నేనే చదివి వినిపించాను. గట్టు మీద కూలబడి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "గడ్డపెరుగా, పల్చటిదా అని గూడ అడిగిండా సాబ్? బర్రె పేరు రాయమన్నడా?"

నెల తిరిగాక రేంజరు తనిఖీకి వచ్చాడు. చివరి మడి దగ్గర వంగి, టోపీ చేత్తో పట్టుకొని, పెరుగు వాసన కోసం మట్టిని వాసన చూశాడు. తల ఎత్తేసరికి ముక్కు ముందు పచ్చటి టేకాకు, పక్క మళ్ళ మొక్కలకు రెట్టింపు ఎత్తున. మెల్లగా, "మిగితా మళ్ళకు గూడ ఎయ్యరాదా?" అన్నాడు. చాచా కూలి నిలిచింది. పై అధికారులకు మాత్రం తన మందే ఆలస్యంగా పనిచేసిందని రేంజరు రాసి పంపాడు. పదేళ్ళు ఆయన్ను తిట్టుకున్నాను. ఇప్పుడు కోపం లేదు. మట్టిలో పెరుగు వెతికిన మనిషిని ఎంతకాలమని తిడతాం?

తర్వాత పుస్తకాలు తిరగేశాను. మట్టిలోని బూజు పోగులు చెట్టు వేరులోకి పోయి కాపురముంటాయి. వేరు అందుకోలేని చోటు నుంచి దానికి కావలసిన సారం తెచ్చిస్తాయి. చెట్టు వాటికి తీపి పెడుతుంది. ఈ మాట చెబితే చాచా ముఖం వెలిగింది.

"నా తోడు కండ్లకు కనవడ్తదా సాబ్?"

"కరీంనగర్ కాలేజీల మైక్రోస్కోపున్నది. చూపిస్త."

డబ్బాలో వేర్లు పట్టుకొని ఇద్దరం బస్సెక్కాం. చాచా ఇస్త్రీ అంగీ వేసుకున్నాడు. చూడబోయేవి కళ్ళే కదా అని సుర్మా పెట్టుకున్నాడు. లెక్చరరు నా హాస్టలు స్నేహితుడు. గడపలోనే ఆపాడు. "నువ్వు రా. కూలోన్ని లోపటికి తెస్తవా? వరండాల కూసొమ్మను."

నేను లోపలికి పోయాను. వేర్లు ఉడికించి, నీలిరంగు పట్టించి, అద్దం మీద పెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. చూశాను. వేరు లోపల సన్నటి నీలి పోగులు. వాటి కొసన, కంటికి ఆనని గదిలో, కొమ్మలూ రెమ్మలూ విప్పుకున్న బుల్లి చెట్టు. వేరు లోపల చెట్టు! కేక పెట్టాలనిపించింది. వినాల్సిన మనిషి వరండాలో ఉన్నాడు. బయటికొచ్చి, "కరెంటు పోయింది చాచా, మల్లొద్దాం" అన్నాను.

"ఏం ఫికర్ లేదు సాబ్" అని డబ్బా అందుకున్నాడు.

నాకు కాగజ్‌నగర్ బదిలీ అయింది. మల్లొద్దామన్న రోజు ఇక రాలేదు. పోయిన ఎండాకాలం చూడ్డానికి పోతే ఆయన రెండు కళ్ళలోనూ పొరలు కమ్మి ఉన్నాయి. ఛాయ్ తాగుతూ అడిగాడు.

"గా దినం ఏం కనవడ్డది సాబ్?"

"కరెంటు పోయింది గద చాచా."

"వరండాల పంకా తిరగవట్టె గద!" అని పకపకా నవ్వాడు.

తల దించుకొని చెప్పేశాను. వేరు లోపల చెట్టు కనబడిందని. ఎట్లుందని అడిగాడు. నా చేతివేళ్ళు విప్పి ఆయన అరచేతిలో పెట్టాను. ఒక్కొక్క వేలూ తడిమి చూసుకున్నాడు. "అరే వా! గిన్ని కొమ్మలా?" ఆయన అంత సంతోషపడటం నేను ఎప్పుడూ చూడలేదు.

మొన్న దారిలో నర్సరీ దగ్గర బస్సు దిగాను. ఆ ముసలి టేకు ఇంకా ఉంది. దాని మొదట్లోంచి రుమాలెడు మట్టి కట్టుకొని ఖబ్రస్తాన్ చేరాను. అందరూ గుంటలో తలా మూడు పిడికిళ్ళ మట్టి వేస్తున్నారు. నేను రుమాలు విప్పితే చాచా కొడుకు ఆశ్చర్యంగా చూశాడు.

"గిదేంది సాబ్? గీడ మట్టి లేదా?"

"తోడు" అన్నాను.

వాడికి అర్థమైంది. ఏడుస్తున్నవాడు నవ్వాడు. నల్లటి అడవి మట్టి ఆ ఎర్రమట్టి మీద అక్కడక్కడా పడి కనబడింది. రేంజరును మన్నించాను. గడపలో ఆపిన లెక్చరరును కూడా, వాడి బుద్ధి అంతేనని వదిలేశాను. తల మీద పంకా తిరుగుతుండగా, సుర్మా పెట్టుకొచ్చిన మనిషితో కరెంటు పోయిందని చెప్పాడే, ఆ నర్సరీ ఫారెస్టరు, వాణ్ణి మాత్రం వదలను.