జీపుకి పాత రంగు

ఆ వయసులో నాకు "తెలుసండి" అనడం ఎంత తేలికో, "తెలీదండి" అనడం అంత కష్టంగా ఉండేది. అప్పట్లో రాజమండ్రిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. బోర్డు మీద పట్టకం బొమ్మ గీసి, తెల్లటి వెలుగు ఏడు రంగులుగా ఎలా విడిపోతుందో వివరిస్తుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవారు (అవి ఆవలింతలని తర్వాత తెలిసింది). అలాంటి నాకు ఒకే ఒక్క రంగు దాదాపు నెల రోజులపాటు అన్నం సయించకుండా చేసింది. ఇప్పుడు నవ్వుకుంటున్నాను గానీ, అప్పుడు మాత్రం నా పెళ్ళి మొత్తం ఆ రంగు మీదే ఆధారపడి ఉందని గట్టిగా నమ్మాను.

తాంబూలాలు పుచ్చుకున్న రోజున మొదలైంది కథ. కాబోయే మావగారిది రావులపాలెం దగ్గర పల్లెటూరు. గోదావరి లంకలో ఆయనకు అరటితోటలున్నాయి. అక్కడికి వెళ్ళాలంటే ఇసకలో పడి, మోకాలి లోతు పాయ దాటి పోవాలి కాబట్టి ఆయనకో పాత జీపు ఉండేది. భోజనాలయ్యాక పెద్దలెవరో దాన్ని చూసి, పెళ్ళిలోపు రంగు వేయిస్తే బాగుంటుందన్నారు. నన్నెవరూ అడగలేదు. అయినా కిళ్ళీ నములుతూ, "మా ఫ్రెండుకి బైపాస్ పక్కన షెడ్డుందండి. పెయింటింగ్ పనులన్నీ నాకు బాగా తెలుసండి" అనేశాను. నిజానికి ఆ షెడ్డులో నేను చేసిన పనల్లా స్టూలు మీద కూర్చుని టీ తాగడమే. మావగారు మెత్తటి మనిషి, పక్కనున్నవాళ్ళకి తప్ప ఆయన మాట వినపడేది కాదు. "అయితే మీరే వేయించండి బాబు. పాత రంగే కదండీ, మీకు తెలుసుగా" అన్నారు. "ఆయ్, తెలుసండి" అన్నాను. చుట్టూ కూర్చున్న పెద్దలు మెచ్చుకోలుగా తలలూపారు.

మర్నాడు పొద్దున్నే జీపు షెడ్డుకొచ్చింది. లంక బురద ఎండి, దాని మీద మళ్ళీ బురద పడి ఎండి, అసలు రంగంటూ ఎక్కడా కనపడలేదు. షెడ్డులో పెయింటరుకి స్ప్రే గన్ను చేతిలోంచి దించే అలవాటు లేదు కాబట్టి అందరూ గన్ను బాబాయి అనేవారు. ఆయన నీళ్ళు కొట్టి, గరుకు కాగితంతో ఒక మూల రుద్దాడు. ముందు మట్టిరంగు బయటపడింది. ఇంకాస్త రుద్దితే నీలం. దాని కింద ఆకుపచ్చ. ఆ కింద ఎర్రగా ఇంకేదో.

"ఇందులో పాత రంగు ఏదండీ?" అన్నాడు బాబాయి.

"అన్నీ పాతవే కదా బాబాయ్" అన్నాను, కాస్త గడుసుగా.

"నిజమేనండి. నాలుగూ ఒకదాని మీదొకటి కొట్టేయమంటారా?"

మావగారికి ఒక్క ఫోన్ కొడితే తేలిపోయేది కదా అని మీరనుకోవచ్చు. మీరు మా వైపు వాళ్ళు కాదన్నమాట. నలుగురిలో తెలుసండి అన్న అల్లుడు, అందులోనూ ఇంకా మూడుముళ్ళు వేయని అల్లుడు, తెల్లారేసరికి తెలీదండి అంటే మా గోదావరి జిల్లాల్లో అతని మర్యాదేం కాను? అందుకని నాకు కాబోయే భార్యకి (ఇప్పుడు మా ఆవిడే) ఫోన్ చేశాను.

"జీపు రంగా? నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ బురద రంగేనండి" అంది.

"కడిగినప్పుడు చూడలేదా?"

"కడగడమే ఎప్పుడూ చూళ్ళేదండి."

"పోనీ మీ నాన్నగారిని ఊరికే అడుగుతున్నట్టు అడక్కూడదూ?"

"అమ్మో. మా అల్లుడుగారికి పెయింటింగ్‌ కూడా తెలుసని నాన్నగారు ఊరంతా చెప్పుకుంటున్నారండి."

ఆ మాటతో మిగిలిన కాస్త ధైర్యమూ జారిపోయింది. నా అవస్థ చూసి జాలిపడి, వాళ్ళ నాన్నగారు, అమ్మగారు పెళ్ళైన కొత్తలో జీపు పక్కన నిలబడి దిగిన ఫొటో వెతికి వాట్సాప్‌లో పంపింది. ఆత్రంగా తెరిచాను. మావగారి జుట్టు నల్లగా ఉంది, అత్తగారి చీర తెల్లగా ఉంది, జీపు బూడిద రంగులో ఉంది. బ్లాక్ అండ్ వైట్ ఫొటో. చివరికి తనే వంటింట్లో కబుర్లు చెబుతున్నట్టు వాళ్ళమ్మగారిని కదిపింది. అత్తగారు తడుముకోకుండా, "మా పెళ్ళికి లేత అరిటాకులా మెరిసిపోయేదే" అన్నారట. అక్కడే కాఫీ తాగుతున్న చిన్నమావగారు, "నీలం కదా వదినా" అన్నారట. అత్తగారు ఆయన వంక చూశారట. "ఆకుపచ్చేలెండి" అని ఆయన కప్పు పట్టుకుని బయటికెళ్ళిపోయారట. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో అర్థమై, ఆకుపచ్చ ఖాయం చేసుకున్నాను.

ఆకుపచ్చంటే సరా? రాజమండ్రి పెయింట్ల షాపులో కార్డు తెరిస్తే లెక్కలేనన్ని ఆకుపచ్చలు. చూస్తూ ఉంటే అన్నీ ఒకలాగే ఉన్నాయి, కళ్ళు మూసి తెరిస్తే ఏ రెండూ ఒకలా లేవు. అసలు ఆకే తెస్తే కంప్యూటరులో పెట్టి రంగు కలిపిస్తానన్నాడు షాపాయన. ఆదివారం రావులపాలెం వెళ్ళి, లేత ఆకు కోయించి, తడిగుడ్డలో చుట్టి చంటిపిల్లాడిలా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. పక్క సీట్లో పెద్దావిడ అంతా చూసి, "భోజనాలు ఎక్కడ బాబూ?" అని అడిగింది. షాపులో గుడ్డ విప్పేసరికి ఆకు వడిలి నల్లబడింది. "ఇది కలిపితే ఉడికిన తోటకూర రంగొస్తుందండి" అన్నాడు షాపాయన. తర్వాతి ఆదివారం ఇంకా పెందలాడే బయల్దేరి, ఆకు వడలకుండా తెచ్చాను. ఆయన దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి, "ఇది కర్పూరమా, చక్కెరకేళీనా అండీ?" అన్నాడు. ఆయనది కోనసీమట. అరటిలో రకాన్నిబట్టి ఆకుపచ్చ మారుతుందన్న సంగతి అత్తగారు చెప్పలేదు, నేనూ అడిగించలేదు. కౌంటరు మీద ఆకు పెట్టుకుని ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడ్డాను.

ఈలోగా మావగారి దగ్గర్నుంచి ఫోన్. "తొందరేం లేదండి బాబు, నిదానంగానే చేయించండి." అంటే ఆలస్యమైందని నొచ్చుకుంటున్నారన్నమాట, అనుకున్నాను. మా అమ్మ వేరే అందుకుంది. "వాళ్ళ బండి పాడుచేస్తే పెళ్ళిలో ఏ మొహం పెట్టుకుని కూర్చుంటావురా?" పాఠం చెబుతూ పట్టకంలోంచి ఆకుపచ్చ వరకూ వచ్చి ఆగిపోయేవాణ్ణి. చివరికి ఏదైతే అదవుతుందని, చక్కెరకేళి అని చెప్పేసి రంగు కలిపించాను. షెడ్డు నీడలో బ్రహ్మాండంగా ఉంది. ఎండలోకి తీసేసరికి కళ్ళు చెదిరాయి. "అదే ఆరాక తగ్గుతుందిలెండి" అన్నాడు గన్ను బాబాయి. తగ్గలేదు.

జీపు అప్పగించడానికి నేనే వెళ్ళాను. ఇంటిల్లిపాదీ అరుగు మీదకొచ్చారు. మావగారు జీపు చుట్టూ మెల్లిగా తిరిగారు. బానెట్టు మీద అరచెయ్యి వేసి నిమిరారు. నావైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నారు. "బావుందండి" అన్నారు. బానెట్టు మళ్ళీ ఒకసారి నిమిరి, "చాలా బావుందండి" అన్నారు. ఆ వెంటనే ఎక్కి లంకలోకి పోనిచ్చి, సాయంత్రానికి నిండా బురదతో తిరిగొచ్చారు. మావైపు బావుందండి అన్న మాటకి అర్థం వెతకడం చాలా ప్రమాదం. ఉప్పు మర్చిపోయిన పులుసునీ బావుందండి అంటాం, నచ్చని సంబంధాన్నీ బావుందండి అంటాం. నా రంగు చూడలేకే ఆయన బురద పులిమారని నాకు ఖాయమైపోయింది. పెళ్ళిపీటల మీద కూర్చుని కూడా, ఆయన నా కాళ్ళు కడుగుతుంటే, ఆ మొహంలో చిరాకేమైనా ఉందా అని వెతికాను.

పెళ్ళైంది, పదేళ్ళు దాటాయి, ఆ దిగులు మాత్రం ఏ మూలో ఉండిపోయింది. మొన్న వేసవిలో జీపు అడుగు తుప్పుపట్టిందని, మళ్ళీ రంగు మాటొచ్చింది. అరుగు మీద మేమిద్దరమే ఉన్నాం. ధైర్యం చేసి అడిగేశాను. "మావయ్యగారూ, ఇంతకీ అప్పుడు మీరన్న పాత రంగు ఏదండీ?"

ఆయన లోపలికి తొంగిచూశారు. "మీ అత్తగారు లేరు కదండీ" అని గొంతు ఇంకా తగ్గించారు. "నాకు పుట్టినప్పట్నుంచీ ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు బాబు. గెల పండిందో లేదో చేత్తో పట్టుకునే చూస్తాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదండి. రంగు మాటొస్తే పాతదే అనేస్తుంటాను." మళ్ళీ ఒకసారి గుమ్మం వైపు చూసి అన్నారు. "ఆ రోజు జీపు చుట్టూ తిరుగుతుంటే నాకు వణుకు పుట్టిందండి. ఫిజిక్స్ చెప్పే అల్లుడుగారు కదా, షేడు ఎలా కుదిరిందండీ అని అడిగేస్తారేమోనని. అందుకే లంకలోకి పోయాను."

జీపుకి ఇటు నేనూ, అటు ఆయనా, ఒకరికొకరు హడలిపోతూ నిలబడ్డామన్నమాట. ఆకుని ఒళ్ళో పెట్టుకుని బస్సులో బిక్కుబిక్కుమంటూ కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది.

"ఇంతకీ ఏం రంగు వేయించారండీ?" అన్నారు మావగారు, మొహమాటంగా.

కాలేజీలో చెప్పే తరంగాలూ, పొడవులూ అన్నీ నోటిదాకా వచ్చాయి గానీ, ఒక్కటీ పనికిరాలేదు. "తెల్లారగట్ల తోటలోకెళ్ళి, అప్పుడే విచ్చిన ఆకు మీద చెయ్యి వేస్తే ఎలా ఉంటుందండీ? అలా ఉంటుంది" అన్నాను.

ఆయన అరచెయ్యి ఒకసారి చూసుకున్నారు. "అయితే చాలా బావుందండి" అన్నారు. ఈసారి నమ్మాను.