తెల్ల గీతకి అవతల

మేముండే పియారా వాటర్స్‌లో, పార్కులో నా కూతురి బేస్‌బాల్ మ్యాచ్. గడ్డి మీద ఆ తెల్ల గీతలు చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చిన్నప్పుడు మా స్కూల్ బేస్‌బాల్ మ్యాచ్‌లో, నాన్న సెలవులంతా ఇంటి ముందు డ్రైవ్‌వేలో నేర్పిన క్రికెట్ లెగ్ గ్లాన్స్ కొట్టాను. బంతి వెనక్కి దూసుకుపోయింది.

"ఫోర్!" నాన్న ఒక్కడే లేచి చప్పట్లు కొట్టాడు.

"ఫౌల్," అన్నాడు కోచ్, తెల్ల గీత అవతల పడితే లెక్కలోకి రాదని. మళ్ళీ కొట్టాను, మళ్ళీ ఫౌలే.

"నాట్ ఫేర్ నాన్నా! ఇంత గ్రౌండ్ పెట్టుకుని, ముందున్న విసనకర్రంత ముక్కలోనే కొట్టాలా? ఎవడు గీశాడీ గీతలు?" కారులో ఏడ్చాను.

"నాకూ అర్థం కాలేదు తల్లీ," అన్నాడు. ఆయన మీదే ఇంకా కోపమొచ్చింది.

ఇవాళ గీత వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాక చూశాను. అమ్మానాన్నలు కూర్చునేదంతా ఫౌల్ వైపే. ఆ రోజు నేను కొట్టిన ప్రతి బంతీ నాన్న దగ్గరికే వెళ్ళింది.