తడి కాంక్రీటు బరువు

పాలిటెక్నిక్‌లో మాకు స్టీలు దూలాల లెక్కలు నేర్పిన మాస్టారు గురువారం ఉదయం కన్నుమూశారు. రాజోలు నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేసి "నాన్నగారు ఇక లేరండీ" అన్నప్పుడు నాకు ఏడుపు కంటే ముందు సిగ్గు వచ్చింది. ఆయనకిచ్చిన ఒక మాట నేను నిలబెట్టుకోలేదు.

మాస్టారు పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లని కూడా 'మీరు' అనేవారు. లెక్క తప్పితే గీత పెట్టి కొట్టేసేవారు కాదు. పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి పుస్తకం తిరిగిచ్చేవారు, తప్పేమిటో మనమే వెతుక్కోవాలి. "దూలం విరిగితే ఊరందరికీ తెలుస్తుందండీ. ఎంత వంగుతుందో లెక్క వేసినవాడికే ముందు తెలియాలి" అనేవారు. రిటైరయ్యాక ఆదివారం చర్చి నుంచి తిన్నగా శిష్యుల సైట్లకు వచ్చేవారు. టీ ఇస్తే ముందు మేస్త్రికి ఇమ్మనేవారు.

రెండేళ్ల కిందట కొత్తపేటలో ఒక బట్టల కొట్టుకి పై అంతస్తు డిజైన్ చేశాను. స్టీలు దూలాలు, వాటిమీద కాంక్రీటు శ్లాబు. గట్టిపడ్డాక రెండూ ఒకే దూలంలా కలిసి మోస్తాయి, తక్కువ వంగుతాయి. పోసిన రోజున మాత్రం కాంక్రీటు ఉత్త బరువే. దాన్ని స్టీలు ఒక్కటే మోయాలి, లేదంటే గట్టిపడేదాకా కింద నుంచి సరుగుడు కర్రల బాదులు ఊతంగా ఆనించాలి. నేను మొదటి రోజు నుంచే రెండూ కలిసి మోస్తాయని లెక్క కట్టేశాను. బాదుల సంగతి డ్రాయింగులో రాయలేదు. శ్లాబు పోసిన సాయంత్రానికే దూలాలు నడుమ దిగిపోయాయి.

ఓనరు నిలదీస్తే "మేస్త్రి బాదులు వెయ్యలేదండి" అన్నాను. మాట నిజమే. వెయ్యమని నేను చెప్పలేదన్నది మింగేశాను. ఆ పూటే మేస్త్రిని పనిలోంచి తీసేశారు, ఊళ్లో ఆయన పేరు పోయింది.

ఆ ఆదివారం మాస్టారు నా లెక్కలు చూసి ఒకచోట చుక్క పెట్టారు.

"తడి కాంక్రీటుకి అప్పుడే బలం ఎక్కణ్ణించి వచ్చిందండీ?"

నేను ఆ కాగితం మడవబోయాను.

"మేస్త్రిగారికీ ఓనరుగారికీ మీరే చెప్పండి. నేను చెబితే మీరు చెప్పినట్టు కాదు."

"ఆయ్, చెబుతానండి" అన్నాను.

తర్వాత కనిపించినప్పుడల్లా "చెప్పేరా అండీ?" అని అడిగేవారు. "ఈ వారం వెళ్తానండి" అనేవాణ్ణి. ఏడాది దాటాక అడగడం మానేశారు. అప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మాస్టారి అంత్యక్రియలకి వెళ్తే, సమాధుల తోటలో ఆయన గుంట చుట్టూ ఇటుక కడుతున్నది ఆ మేస్త్రే.

"రెండేళ్లనించీ నాకు పనులు చూపించింది మాస్టారేనండి" అన్నాడు.

నేను పారేసిన బరువు మాస్టారు మోస్తూ వచ్చారన్నమాట. అక్కడే, అందరి ముందూ చెప్పేశాను. "బాదులు వెయ్యమని నేను రాయలేదండి. తప్పు నాది."

"తెలుసండి. డ్రాయింగు నేనూ చూసేను. నా మాట ఎవరు వింటారండి?" అని ఇంకో ఇటుక పెట్టాడు. "ఓనరుగారికి చెప్పేరా?"

"లేదండి."

"మరి చెప్పండి."

ఫోన్ తీసి ఓనరు నంబరు నొక్కాను. అటు రింగవుతోంది. మేస్త్రి తాపీ పక్కన పెట్టి, సిమెంటు చేతులు కడుక్కోకుండానే లేచి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.