రిటైరైన మనిషికి హెడ్‌క్వార్టర్ లేదు

సహోదరులారా, అక్కచెల్లెళ్ళారా, మా ఆయన రిటైరైన రోజు నుంచి మా ఇల్లు జైలైపోయింది అంటే మీరు నవ్వుతారు. నవ్వండి, నేను కూడా ఇప్పుడు నవ్వుతూనే చెబుతున్నాను, కానీ అప్పుడు పొయ్యి ముందు కూర్చొని ఎన్ని కన్నీళ్ళు తుడుచుకున్నానో నా ప్రభువుకే తెలుసు! నా పేరు సారమ్మ. అదిగో, మగవాళ్ళ వైపు కిటికీ పక్కన కూర్చొని, నేనేం బయటపెడతానో అని తల వంచుకున్నారే, ఆయనే మా ఇంటాయన. సర్కారు నీళ్ళ విభాగంలో హ్యాండ్ పంపు మెకానిక్‌గా తల నెరిసేదాకా చేశారు, మన భోపాలపట్నం బ్లాకులో ఆయన చేయి పడని పంపు లేదు. చేతులు బంగారం, ప్రభువుకు స్తోత్రం! మనసులోనే ఒక భయం తుప్పులా పట్టింది.

ఆ భయం ఎట్లా పట్టిందో చెప్పాలి కదా. సర్కారు నౌకరికి హెడ్‌క్వార్టర్ అని ఒక నియమం ఉంటుంది, సాహెబ్ అనుమతి లేకుండా డ్యూటీ ఊరు విడిచి బయట ఉండకూడదు. మా పెళ్ళైన కొత్తలో మా అత్తమ్మకు జ్వరమని కబురొస్తే ఈయన ఎవరినీ అడగకుండా సరిహద్దు అవతల తెలంగాణ వైపు ఉన్న వాళ్ళ ఊరికి పోయి ఒక రాత్రి ఉండి వచ్చారు. సరిగ్గా ఆ రాత్రే ఇక్కడ ఆశ్రమ బడి పంపు విరగాలా, పొద్దున్నే సాహెబ్ జీపు దిగాలా! నోటీసు ఇచ్చారు, పిల్లల ముందు నిలబెట్టి హిందీలో తిట్టారు, అంతే, ఆ తర్వాత ఈ మనిషి సరిహద్దు అవతల ఎప్పుడూ కునుకు తీయలేదు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ సరే, నియమం నియమమే. రిటైరైనాక కూడా అదే పట్టు! పెన్షన్ ఇచ్చేది ఛత్తీస్‌గఢ్ సర్కారు కాబట్టి ఛత్తీస్‌గఢ్‌లోనే పడుకోవాలట! దానికి తోడు మా వీధిలో ఒక కుటుంబం అవతలకు పోయి కాపురం పెడితే ఇక్కడి రేషన్ కార్డు తీసేశారు, అది చూసి, "చూసినవా, వాళ్ళ కార్డు పాయె. రేపు నా పెన్షన్ గూడ గట్లనే బందయితది" అని తేల్చేశారు. కార్డు వేరు, పెన్షన్ వేరయ్యా అంటే, సర్కారు నౌకరి నువ్వు చేసినవా నేను చేసిన్నా అని నా నోరు మూయించేవారు.

మా ఒక్కగానొక్క బిడ్డ సుగుణను సరిహద్దు ఊరు తర్లగూడ దాటి వెంకటాపురం వైపు ఇచ్చాం. పెళ్ళి వాళ్ళ చర్చిలోనే జరిగింది, భోజనాలు కాగానే ఆఖరి జీపు పట్టుకొని ఇంటికి చేరిన పెళ్ళికూతురి తండ్రిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను! ఆ తర్వాత ఎప్పుడు పోయినా చెప్పులు విప్పుతూనే తిరుగు జీపు సంగతి అడుగుతారు. మా వియ్యపురాలు పాపం మంచి మనిషి, ఒకరోజు ఉండబట్టలేక, "ఏంది అన్నయ్యా, మా ఇంట్ల నీళ్ళు చేదున్నయా?" అని అడిగేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అయినా ఇవన్నీ నవ్వుకునే సంగతులే. అసలు చీకటి తర్వాత వచ్చింది. సుగుణకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మళ్ళీ నిలిచిందని సంతోషించేలోపే డాక్టరమ్మ మంచం దిగొద్దని చెప్పింది. వియ్యపురాలికి చూపు ఆనదు, అల్లుడు పొద్దంతా పనికి పోతాడు. బిడ్డ ఫోన్ చేసి, "అమ్మా, నువ్వొస్తవా? నాకు భయమైతాంది" అని ఏడ్చింది. పోతే కాన్పయ్యేదాకా ఉండాలి. కానీ మా ఆయనకు షుగరు, చేతి వణుకు, రోజూ సూది నేనే వేయాలి. నేను పోవాలంటే ఆయన కూడా రావాలి, ఆయనేమో కదలరు! కోపంతో కాదు సహోదరులారా, భయంతో. పెన్షన్ పోతే నిన్నేం పెట్టి సాకాలె అని నన్నే అడిగారు. అటు బిడ్డ, ఇటు భర్త, మధ్యలో నేను!

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అక్కలందరి మధ్య మోకరించి దేవునితో గట్టిగానే మాట్లాడాను, కొంచెం పోట్లాడాను కూడా. "తండ్రీ, అంత మంది జనాన్ని సముద్రం దాటించినవు, ఒక్క మనిషిని తర్లగూడ దాటించలేవా? ఈయన చెప్పే నియమం నిజమైతే నాకు ఓపిక ఇయ్యి, అబద్ధమైతే ఎవరి నోటనైనా పలికించు, కానీ జల్దీ పలికించు ప్రభువా, నా బిడ్డ అక్కడ ఒక్కతే పడుకొని ఉంది!" అక్కలందరూ ఆమెన్ అన్నారు. ఒకరిద్దరు నవ్వారు కూడా, నాకు తెలుసు, మీరే!

దేవుడు ఎంత మంచివాడో వినండి. నవంబరు నెల వచ్చింది, పెన్షన్ వాళ్ళందరూ బతికే ఉన్నామని బ్యాంకులో చూపించుకునే నెల. ఈయన వెంట నేనూ పోయాను. క్యూలో రిటైరైన బడి గురూజీలు, ఫారెస్టు వాళ్ళు, అందరూ పెద్దవాళ్ళే. కౌంటర్ దగ్గర రాయ్‌పూర్ వైపు అమ్మాయి కూర్చుంది. మా ఆయన వేలు పెట్టారు, మిషన్ ఒప్పుకుంది, ఇక ఇంటికి తిరగబోతుంటే నా నోరు దానంతటదే తెరుచుకుంది సహోదరులారా! నా వచ్చీరాని హిందీలో, "మేడమ్, ఏ ఆద్మీ తెలంగాణ మే సోయేగా తో పెన్షన్ బంద్ హోగా క్యా?" అని, ఈ మనిషి తెలంగాణలో పడుకుంటే పెన్షన్ ఆగిపోతుందా అని అడిగేశాను. క్యూ మొత్తం గొల్లుమంది. మా ఆయన నా కొంగు పట్టుకు లాగారు. కానీ నవ్విన పెద్దమనుషులే జవాబు వినడానికి మెల్లగా దగ్గరికి జరిగారు, అది నేను కళ్ళారా చూశాను!

ఆ అమ్మాయి విసుక్కోలేదు, దేవుడు ఆమెను దీవించాలి! హెడ్‌క్వార్టర్ నియమం నౌకరిలో ఉన్నవాళ్ళకే, రిటైరైన రోజుతోనే అది అయిపోయింది అన్నది. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, ఇన్నేళ్ళ సేవకు వచ్చే హక్కు, మనిషి దేశంలో ఎక్కడ నిద్రపోయినా అది ఖాతాలో పడుతుంది, ఏడాదికోసారి బతికున్నామని చూపిస్తే చాలు, అదైనా అవతల ఇదే బ్యాంకు ఉన్న ఊళ్ళో చూపించుకోవచ్చు, ఇల్లు మారితే మాత్రం కొత్త అడ్రసు చెప్పాలి అన్నది. ఆయన తర్వాత నాకు కుటుంబ పెన్షన్ వస్తుందని, దానికి నా పేరు ఎక్కి ఉందని కూడా చూసి మరీ చెప్పింది. మా ఆయన ఊరుకుంటారా? ఒక రాత్రి ఉంటే? నెల ఉంటే? అక్కడే ఉండిపోతే? ఆ అమ్మాయి నవ్వి, "దాదాజీ, ఆప్ ఆజాద్ హై!" అన్నది, తాతగారూ మీకిక ఏ కట్టుబాటూ లేదని.

బయటికి వచ్చి ఈయన బ్యాంకు మెట్ల మీద కూలబడ్డారు. "అమ్మ చచ్చిపోయిన రాత్రి గూడ ఆడ ఉండకపోతిని సారమ్మా. మట్టి చేసి జీపెక్కితి" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ బాధ నాకెప్పుడూ చెప్పుకోలేదు. నేను అక్కడే ఆయన చేయి పట్టుకొని, "ప్రభువా, ఈ మనిషి ఎప్పుడో విడుదలైండు, ఎవరూ చెప్పలేదు, ఇయ్యాల నువ్వు చెప్పించినవు, నీకు స్తోత్రం" అని ప్రార్థించాను. వచ్చేపోయేవాళ్ళు చూశారు, చూడనివ్వండి!

మరునాడే దుప్పట్లు, సూది మందు డబ్బా సర్దుకొని బయల్దేరాం. మంచం మీద ఉన్న సుగుణ తండ్రిని చూసి, అలవాటు కొద్దీ, "నాయినా, మళ్ళ జీపు ఎన్నింటికి?" అని అడిగింది. ఆయన మూట కింద పెట్టి, "జీపు లేదు బిడ్డా. ఈడనే ఉంట" అన్నారు. నా బిడ్డ మొఖానికి చేతులడ్డం పెట్టుకొని ఏడ్చింది, ఆ ఏడుపు సంతోషమని తెలిసి కూడా కడుపుకేమవుతుందోనని నేను భయపడ్డాను.

నెలలు నిండాయి, పాప పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం, దేవునికే మహిమ! పెన్షన్ కూడా నెలనెలా పడుతూనే ఉంది. ఈయన బ్యాంకు పంపే ఆ ఫోన్ మెసేజ్ తీసుకుపోయి ఇరుగుపొరుగు అందరికీ చూపించి వస్తారు!

సహోదరులారా, నౌకరి చేస్తున్నవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. నియమం తెలియకపోతే సిగ్గుపడకుండా అడగండి, అడిగినందుకు ఎవరూ పెన్షన్ కోయరు! ఇంకొక మాట. ఎప్పటిదో పాత తప్పుకు దేవుడు నా మీద ఇంకా కోపంగానే ఉన్నాడని దడుచుకుంటూ బతికేవాళ్ళు కూడా ఇక్కడ ఉన్నారు. ఆయన సిలువ మీద మీ విడుదల ఎప్పుడో ఇచ్చేశాడు, నమ్మి లేచి నడవడమే మిగిలింది, ఈ రోజే లేవండి! ఈ సాక్ష్యం చెప్పడానికి ఇద్దరం ఇటు వచ్చాం గానీ, ఇప్పుడు మా ఆయన రోజూ వెంకటాపురం వైపు బిడ్డ ఇంట్లోనే, మనవరాల్ని పొట్ట మీద పడుకోబెట్టుకొని గురక పెట్టి నిద్రపోతారు. పాప ఏడ్చి గోల చేసినా లేవరు, నేనే పోయి ఎత్తుకోవాలి, ఆ నిద్ర చూస్తుంటే తిట్టడానికి కూడా నాకు మనసు రాదు.