ముందు స్విచ్ ఆపేశాను

తడిగుడ్డతో సోలార్ పలకలు తుడుస్తున్నాను. కాళ్లకు చెప్పులు లేవు. ఆసరాకు ఎడమచెయ్యి బండి ఇనుప చట్టం మీద పెట్టగానే వేళ్లలో జుమ్మంది, చీమలు పాకినట్టు. తీశాను. మళ్లీ పెట్టాను. మళ్లీ జుమ్మంది. నాకు తెలిసింది ఆ క్షణంలోనే. తెలియలేదని ఆరేళ్లుగా నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. ఆ బరువు మోయడం ఇక నా వల్ల కాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే ఊరికంటే ముందు మీకు చెబుతున్నాను.

అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నాక మా వాటాకు పెద్దమందడి అవతలి పొలం వచ్చింది. అక్కడే రేకుల గది వేసుకున్నాం. కరెంటు స్తంభాలు అంత దూరం ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేదు. పాపకు నాలుగేళ్లు, బాబుకు రెండు. చీకటి పడితే తేళ్ల భయం. గద్వాలలో ఒక షెడ్డులో పాత సోలార్ బండి అమ్మకానికి ఉందని విన్నాం. కాలువ పనుల క్యాంపులో వాడినదట. ట్రాక్టరుకు తగిలించి లాక్కుపోయే రెండు చక్రాల బండి, పైన నాలుగు పలకలు, కింది పెట్టెలో బ్యాటరీలు, ఇన్వర్టరు. కొందామని పట్టుబట్టింది నేను. మా ఆయన వెనకాడాడు. మా మామ అయితే, పుక్కట్ల వచ్చే ఎండను గద్వాల దాక వొయ్యి కొనుక్కొస్తున్నది మా కోడలు అని ఊరంతటినీ నవ్వించాడు.

షెడ్డు యజమాని ఖాదర్ సాబ్ ఏదీ దాచలేదు. ఇది మీరు నమ్మాలి. మా ఆయన టైర్లు చూస్తుంటే నన్ను పక్కకు పిలిచి, క్యాంపు వాళ్లు ఎర్తు తీగ కోసేశారని చెప్పాడు. వాడే ముందు ఇనుప కడ్డీ భూమిలోకి దించి కలిపించుకోమన్నాడు, లోపలి వైర్లు కూడా చూపించుకోమన్నాడు. రెండుసార్లు చెప్పాడు. నేను తలూపాను. మా ఆయనకు చెప్పలేదు. చెబితే వద్దంటాడని భయం. బండి ఇంటికి వచ్చాక చెబుదామనుకున్నాను. వచ్చింది. బల్బు వెలిగింది, ఫ్యాను తిరిగింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇక ఆ మాట ఏ నోటితో చెప్పాలి?

నేను వనపర్తిలో డిగ్రీ చదివాను, అదీ భౌతికశాస్త్రం. చెయ్యి జుమ్మన్న ఆ పొద్దున టెస్టరు తెచ్చి చట్టానికి ఆనించాను. ఎర్రగా వెలిగింది. మరి అప్పుడే ఎందుకు ఆపలేదు? బాబు చెమటకాయలతో రాత్రంతా ఏడ్చి ఏడ్చి అప్పుడే ఫ్యాను కింద నిద్రపోయాడు. వాడు లేచాక ఆపుదామనుకున్నాను. అంతే. ఇంత చిన్న కారణమా అని మీరనుకోవచ్చు. నేనూ అనుకుంటాను. పాపను గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరకు వేశాను. నా పిల్లల వరకు జాగ్రత్త పడ్డాను. ఆ తలుపు బయట ఇంకెవరు తిరుగుతారని ఆలోచించలేదు.

బాబు ఇంకా నిద్రలోనే ఉన్నాడు, మధ్యాహ్నం చెడగొట్టు వాన పడింది. పక్క పొలం బాలమణి మా గట్టు మీద తన ఆవును మేపుతోంది. దూడగా ఉన్నప్పటి నుంచి తానే సాకిన ఆవు. ఇంట్లో పసిబిడ్డ లేచి ఉంటుందని పగ్గం వదిలేసి పరుగెత్తింది. ఆవు మెల్లగా వచ్చి మా బండి పక్కన నిలబడింది. మెడ దురద పెట్టిందో ఏమో, చట్టానికి రుద్దుకుంది. తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. కాళ్లు నాలుగూ బిగుసుకున్నాయి. పడిపోయింది. అరవను కూడా లేదు.

ముందు స్విచ్ ఆపేశాను. తర్వాత కేక వేశాను.

నేనున్న తలుపు నుంచి స్విచ్ దాకా నాలుగు అడుగులు. ప్రమాదం ఆపడానికే స్విచ్ దగ్గరికి పోయానని చాలాకాలం అనుకున్నాను. కాదు. ఎవరూ చూడకముందే ఆపాలని పోయాను.

జనం వచ్చారు. ఆవు పడింది బండికీ, కోసిన మా జొన్న చేనుకీ మధ్య. వారం కిందటి వానకు మోళ్లు చిగిర్చి లేత పిలకలు లేచి ఉన్నాయి. ఆ పిలకలు మేస్తే పశువు నిలువునా పడిపోతుందని మా దగ్గర పిల్లలకు కూడా తెలుసు. బండి వైపు ఒక్కరూ చూడలేదు. బాలమణి అత్త సాయమ్మ నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు ఈడనే ఉన్నవ్ గద బిడ్డా. జొన్నల వడ్డదా?"

నేను పిలకల వైపు చూశాను.

"నా కోడలు ఇడిసిపెట్టి వొయిందా, ఏంది? నిజం జెప్పు."

"అవునత్తా. నేను జూసిన. రెండు బుక్కలు మేసిందో లేదో, వడిపోయింది."

రెండు బుక్కలు. ఎవరూ అడగని ఆ మాట ఎక్కడి నుంచి తెచ్చాను? ఒకాయన పశువుల డాక్టరును పిలుద్దామన్నాడు. కండ్లతో చూసిన మనిషి ఉండగా డాక్టరెందుకంది సాయమ్మ. అక్కడే గుంత తీశారు. బాలమణి తడిచీరతో గట్టు మీద కూర్చుని తన చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయింది.

ఖాదర్ సాబ్ ఫోన్ చేశాడని మా ఆయనకు అబద్ధం చెప్పి రెండు రోజుల్లో ఎర్తు వేయించాను, వైరు మార్పించాను. బండి ఇప్పటికీ మాకు వెలుగిస్తోంది. ఆ పగ్గం మాత్రం సాయమ్మ ఇంటి గోడకు వేలాడుతోంది. కోడలితో మాట వస్తే సాయమ్మ దాని వైపు చూస్తుంది. ఊళ్లో ఎవరూ బాలమణికి తమ పశువులను అప్పజెప్పరు. అన్నిటికంటే నన్ను కోసేది వేరే. బాలమణి నా అబద్ధాన్ని నమ్మింది. పిలకల కాలం వస్తే చేను గట్టు మీద నిలబడి పోయేవాళ్లకు జాగ్రత్తలు చెబుతుంది. నా ఆవు రెండే బుక్కలు మేసింది, గింతల్నే పాణం వొయింది అంటుంది. తాను చూసినట్టే చెబుతుంది. ఏటా మొదటి జొన్న రొట్టెలు నాకు పంపుతుంది.

పోయిన వారం పాప సైన్సు పుస్తకంలో కరెంటు పాఠం చదువుతూ ఆగింది. ఆవు పోయిన మరునాడు నేనన్న మాటను గుర్తు చేసి, మరి బాలమణి చిన్నమ్మను అందరూ ఎందుకు తిడతరని అడిగింది. నేను పొయ్యిలో కట్టె ఎగదోశాను. అది రెండోసారి అడగలేదు, పేజీ తిప్పుకుంది. తెలిసీ ఊరుకోవడం నా దగ్గరే నేర్చుకుందా?

ఈ సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. పళ్లెం ముందు నుంచి లేచి బయటికి పోయాడు. ఇంకా లోపలికి రాలేదు. రానీ, రాకపోనీ, రేపు పొద్దున సాయమ్మ వాకిట్లోకి పోతున్నాను. ఆ పగ్గం కిందే నిలబడి, బాలమణి ముందే చెబుతాను. క్షమించమని అడగను. నేను తేలికపడటానికే పోతున్నానా? కావచ్చు. అయినా పోతాను. ఇంత రాసేసరికే కొంచెం తేలికపడ్డాను.

సాయమ్మ నమ్మకపోవచ్చు. బాలమణి అసలే నమ్మకపోవచ్చు. గుంతలో సాక్ష్యం ఏమీ మిగల్లేదు. నా దగ్గర ఉన్నది ఒక్కటే. ఆవును పూడ్చిన మరునాడు పొద్దున, ఊరంతా బాలమణిని తిడుతుంటే, నేను పిల్లలిద్దరినీ గడపలో కూర్చోబెట్టి బండి వైపు వేలు చూపించి చెప్పిన మాట.

"దాన్ని ముట్టకుండ్రి బిడ్డా. ఆవు గట్లనే సచ్చింది."