పదహారు అంగుళాల కొర్రమీను

2024 జూన్ 16, ఆదివారం, సాయంత్రం 5 గంటల 20 నిమిషాలకు నారాయణగూడలో బస్సెక్కాను. పక్క సీటులోని యాభైయేళ్ల మనిషి కాళ్ల మధ్య గాలపు కర్ర, ఒళ్లో తడి గోనెపట్టాలో ప్రాణంతో కదులుతున్న కొర్రమీను ఉన్నాయి. ఎంత పొడవని అడిగాను.

అతడు చేప వెంట రెండుసార్లు జాన పెట్టి చూపాడు. “పద్దెనిమిది ఇంచులు సార్. గంతకు తక్కువుంటే మా చెరువుల వదిలేస్తం.”

కొలత వింటే సరిచూడకుండా ఉండలేను. సంచిలోని టేపు తీసి పెట్టాను. పదహారే వచ్చింది.

“మీ టేపే గలత్ ఉంటది,” అన్నాడు. గొంతు పెరిగింది. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగారు.

వాదించకుండా అతని చేయి చాపమన్నాను. బొటనవేలి నుంచి చిటికెనవేలి కొస వరకు, జానకు ఉండాల్సిన తొమ్మిది కాదు, ఎనిమిది అంగుళాలు. చిటికెనవేలు వంకరపోయి, పూర్తిగా చాచుకోవడం లేదు.

“రెండు నెలల కింద బండి మీదికెల్లి పడ్డ,” అన్నాడు మెల్లగా. వేలిని రెండో చేత్తో లాగి చూశాడు. అది నిలబడలేదు. “చెరువు కాడ అందరి చేపలు నా చెయ్యితోనే కొలుస్తరు సార్. టేపు తెస్తే నవ్వుతరు, అన్న జాన ఉండంగ ఎందుకని. ఇప్పుడు వాళ్లకు ఏమని చెప్పాలె?”

చిక్కడపల్లిలో బస్సు ఆగింది.

“చెరువు గంట దూరం,” అంటూ లేచాడు. “గంట దాంక పానం ఆగుతది దీనికి, వదిలేస్త.” గోనెపట్టా ఛాతీకి అదుముకొని, రోడ్డు దాటి, వెనక్కి పోయే బస్సులు ఆగే ఎదుటి స్టాపుకు పరుగెత్తాడు.

ఆనాటి డైరీలో రాసిన లెక్క ఇది. పోయినవి: ఒక చేప, రెండు నెలల కొలతలు. మిగిలినవి: చేప బతికిందో లేదో తెలియదు కనుక, ఆ గడి ఖాళీగా ఉంచాను.